37 ఏళ్లకు సబ్‌మెరైన్ మీ చేతికి రావాలంటే

నేవీలో సబ్‌మెరైన్‌కి కమాండింగ్ ఆఫీసర్ అయ్యే వయసు 36, 37. అటూ ఇటూ ఒకటి రెండేళ్లు. ఆ వయసు దాటితే ఆ బాధ్యత ఇంక రాదనే అనుకోవాలి. అది చెయ్యకుండా కమాండ్ దారిలో అడ్మిరల్ దాకా వెళ్లినవాళ్లని నేను చూడలేదు. అందుకని నా దగ్గరికి వచ్చే పిల్లలకు ముందు లెక్క చెప్తాను. దాళ్వా కోత ఫలానా వారం పడాలంటే నారు ఎప్పుడు పొయ్యాలో మన నాన్నలు వెనక్కి లెక్కేసుకుంటారు కదా, ఇదీ అలాగే.

37కి బోటు చేతికి రావాలంటే, 33, 34కల్లా ఆ బోటులో రెండో స్థానంలో, అంటే ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్‌గా నిలబడి ఉండాలి. దానికి ముందు 28, 29కి ఒక ప్రత్యేక విద్యలో, నావిగేషనో యాంటీ సబ్‌మెరైన్ యుద్ధమో, ఏడాది పాటు లాంగ్ కోర్సు అయిపోవాలి. దానికి ముందు 25కల్లా ఛాతీ మీద డాల్ఫిన్ బ్యాడ్జి, అంటే సబ్‌మెరైనర్‌గా అర్హత వచ్చిందనే గుర్తు, ఉండాలి. దానికి ముందు 22కి సబ్ లెఫ్టినెంట్, అంటే అధికారిగా మొదటి మెట్టు. దానికి ముందు, 17, 18కి అకాడమీ గేటు లోపల ఉండాలి. అంటే ఇంటర్ మొదటి సంవత్సరంలోనే నారు పొయ్యాలి. డిగ్రీ తర్వాత సీడీఎస్, అంటే కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్ పరీక్ష రాసి వచ్చినవాళ్లూ బోటు నడిపారు, కాదనను. కానీ చేతిలో ఏళ్లు తక్కువ మిగులుతాయి.

మాది సఖినేటిపల్లి పంటు రేవుకి దగ్గర ఊరు. ఏటికి ఇవతల మేము, అవతల నరసాపురం. 1987 జనవరిలో ఎన్డీఏలో, అంటే త్రివిధ దళాలకు అధికారుల్ని తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీలో చేరాను, 33 ఏళ్ల సర్వీసు చేసి కమడోర్‌గా రిటైరయ్యాను. ఇప్పుడు కొబ్బరి దింపు చూసుకుంటూ, ఆదివారం పొద్దున్న మా అరుగు మీద కూర్చుని వచ్చినవాళ్లకు ఈ దారి చెప్తున్నాను. అంత దూరం రాలేనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

పరీక్ష

ఇంటర్‌లో ఎంపీసీ తీసుకోండి. నేవీకి ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ మూడూ ఉండాలి. యూపీఎస్సీ ఎన్డీఏ పరీక్ష ఏడాదికి రెండుసార్లు పెడుతుంది. పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర ఏళ్ల మధ్య, పెళ్లికానివాళ్లు రాయొచ్చు. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతూనే రాయొచ్చు. లెక్కలకు 300 మార్కులు, జనరల్ ఎబిలిటీకి 600. ఈ 600లో 200 ఇంగ్లిషువి. తప్పు రాస్తే మూడో వంతు మార్కులు పోతాయి. అమ్మాయిలకు 2022 నుంచి ఎన్డీఏలో ప్రవేశం ఉంది. ఏ శాఖకు ఎన్ని సీట్లో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోండమ్మా.

ఇంజనీరింగ్ ఎంట్రన్స్ కోసం మన పిల్లలు పడే కష్టంలో లెక్కల పేపరు సగం పైగా వచ్చేసినట్టే. పోయేది ఇంగ్లిషు దగ్గర, చరిత్ర, భూగోళం దగ్గర. రెసిడెన్షియల్ కాలేజీల్లో ఆ పుస్తకాలు ముట్టుకోనివ్వరు. రోజుకో గంట దొంగిలించి అయినా చదవండి. జేఈఈ మెయిన్ ర్యాంకుతో నేరుగా కేరళలోని ఎళిమల నేవల్ అకాడమీలో బీటెక్ చేసే దారి కూడా ఉంది. దానికి ఇంటర్‌లో మూడు సబ్జెక్టులూ కలిపి 70 శాతం, పదిలో గానీ ఇంటర్‌లో గానీ ఇంగ్లిషులో 50 శాతం ఉండాలి. ఏ దారిలో వెళ్లినా చదువు, తిండి, బస ప్రభుత్వమే చూసుకుంటుంది. చిన్న తరగతుల్లో ఉన్నవాళ్లు కోరుకొండ సైనిక్ స్కూలు ప్రవేశ పరీక్ష రాయండి. ఆరో తరగతికీ, తొమ్మిదో తరగతికీ తీసుకుంటారు.

ఒక మాట, ఈత నేర్చుకోండి. మా కాలంలో కాలువ గట్టున పుట్టినవాడికి ఈత నేర్పక్కర్లేదు. ఇప్పుడు లాకుల దగ్గర ఇల్లున్న పిల్లలకి కూడా రావడం లేదు. పెద్దవాళ్లని దగ్గర పెట్టుకునే నేర్చుకోండి. వరద ఎర్రనీళ్లలో మాత్రం దిగొద్దు.

అయిదు రోజులు

రాత పరీక్ష అయ్యాక సర్వీసెస్ సెలెక్షన్ బోర్డు ఇంటర్వ్యూ. దీనికి 900 మార్కులు. విశాఖపట్నంలోనూ కేంద్రం ఉంది. అయిదు రోజులు అక్కడే ఉంచుకుంటారు. మొదటి రోజు వడపోత, సగానికి పైగా ఆ సాయంత్రమే ఇంటికి. మిగిలినవాళ్లకి బొమ్మలు చూపించి కథలు రాయమంటారు, 60 మాటలు ఒక్కోటి 15 సెకన్లకి చూపించి తోచింది రాయమంటారు, 60 సందర్భాలు అరగంటలో ఇచ్చి ఏం చేస్తావంటారు. తర్వాత మైదానంలో తాళ్లు, పలకలు, పీపాలతో జట్టు పనులు. మధ్యలో ఇంటర్వ్యూ.

మొదటిసారి నన్ను అయిదో రోజున వెనక్కి పంపేశారు. ఎందుకో ఎవరూ చెప్పరు, కానీ నాకు తెలుసు. ప్రతి బొమ్మకీ ఒకే కథ రాశాను. వరదలో ఒక వీరుడు దూకుతాడు, పదిమందిని కాపాడతాడు. ఎక్కడో పుస్తకంలో చదివిన వీరుడు వాడు.

ఆ తర్వాత 1986 ఆగస్టు వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వచ్చిన వరద అది. మా ఊరి కుర్రాళ్లం ఏటిగట్టు మీద ఇసుక బస్తాలు వేసి రాత్రింబవళ్లు కాపలా కాశాం. రెండోసారి ఇంటర్వ్యూలో ఆ వరద గురించి అడిగారు. ఎన్ని బస్తాలు, ఎంతమంది, వంతులు ఎలా వేసుకున్నారు అని గుచ్చి గుచ్చి అడిగారు. చెప్పాను. "భయం వెయ్యలేదా?" అన్నారు. రెండో రాత్రి ఒంటిగంటకి గట్టు కింద నీళ్లు ఊరడం చూసి నలుగురం ఇంటికి పరిగెత్తామని, మా మావయ్య దారిలో ఆపి లాంతరు చేతికిచ్చి వెనక్కి తీసుకొచ్చాడని, తెల్లారే దాకా ఆ ఊటకి బస్తాలు కట్టామని చెప్పాను. నా ఇంగ్లిషు ముక్కలు ముక్కలుగానే ఉంది. ఆ నెలలోనే సెలెక్టయ్యాను.

అందుకని కథలు బట్టీ పట్టొద్దు. చెయ్యని పని చేశామని చెప్పొద్దు. మీరు నిజంగా చేసిన పనులు నాలుగు కాగితం మీద రాసుకోండి. చవితి పందిరి లెక్కలు చూశారా, చెరువు వేలంలో నాన్న వెంట ఉన్నారా, అక్క పెళ్లికి పాల కేన్లు మోశారా, ఏదైనా సరే. ఆ పనిలో ఎక్కడ తడబడ్డారో, తర్వాత ఏం చేశారో కూడా పక్కనే రాసుకోండి. అడిగితే రెండూ చెప్పండి.

మెడికల్‌లో రంగులు సరిగ్గా కనబడకపోతే ఈ శాఖ లేదు. చెవులు ముఖ్యం, ఒత్తిడి మారినప్పుడు చెవిలో గాలి సర్దుకోవాలి. కంటికి లేజర్ చేయించుకోవాలనుకుంటే ముందు నోటిఫికేషన్ చదివి, తర్వాతే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

డాల్ఫిన్లు

అకాడమీ నుంచి బయటికొచ్చాక అందరూ పై ఓడల మీదే మొదలుపెడతారు. సముద్రం మీద వాచ్ నిలబడే, అంటే మీ వంతులో ఓడని సొంతంగా చూసుకునే అర్హత సంపాదించాక, సబ్‌మెరైన్‌కి మీ అంతట మీరే ముందుకు రావాలి. వచ్చినవాళ్లని విశాఖలోని ఐఎన్ఎస్ శాతవాహనకి పంపుతారు. మన సబ్‌మెరైనర్లందరికీ బడి అదే. తరగతి గదులు, సిమ్యులేటర్లు, మునిగిన బోటు నుంచి బయటపడే శిక్షణ అన్నీ అక్కడే. 2024లో అక్కడ 'వినేత్ర' అనే కొత్త ఎస్కేప్ శిక్షణ టవరు కూడా మొదలైంది.

తరగతి అయ్యాక బోటు మీదికి పంపుతారు. సబ్‌మెరైన్‌ని మేము ఓడ అనం, బోటు అంటాం. మన రేవుల్లో వినే మాటే. అక్కడ మీ చేతికి ఒక పుస్తకం ఇస్తారు. గొట్టాలు, వాల్వులు, పంపులు, బ్యాటరీలు, టార్పెడో ట్యూబులు, ప్రతి వ్యవస్థా ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో పాక్కుంటూ వెళ్లి చూసి, కాగితం మీద జ్ఞాపకం నుంచి గీసి, ఆ వ్యవస్థ చూసే నావికుడితో సంతకం పెట్టించుకోవాలి. లెఫ్టినెంట్‌వి కావచ్చు, ఆ పంపు గురించి నీకు చెప్పేది ఇరవై ఏళ్లుగా దాన్ని తుడుస్తున్న మనిషి. ఆయన సంతకం పెట్టకపోతే నువ్వు ముందుకు కదలవు. దీపాలు ఆర్పేసి, ఊపిరి తొడుగు ఎక్కడుందో, మంటలార్పే సీసా ఎక్కడుందో చేత్తో తడిమి చూపించమంటారు. చివర్న కమాండింగ్ ఆఫీసరే కూర్చోబెట్టి పరీక్ష పెడతారు. అన్నీ అయితే డాల్ఫిన్లు పెడతారు.

ఇక్కడ నా జీవితంలో జరిగినది ఒకటి చెప్పాలి. ఈ వ్యాసం అంతటిలోనూ మీరు ఇది ఒక్కటి గుర్తు పెట్టుకుంటే చాలనుకుంటాను.

బోటు మునగబోయే ముందు ప్రతి గదిలోనూ ప్రతి వాల్వునీ చేత్తో ముట్టుకుని, తెరిచి ఉండాల్సింది తెరిచి, మూసి ఉండాల్సింది మూసి ఉందని చూసి, కాగితం మీద టిక్కు పెట్టాలి. 100 మీటర్ల లోతులో బోటు ఒంటి మీద ప్రతి చదరపు సెంటీమీటరుకీ 10 కిలోల బరువు పడుతుంది. అక్కడ చిన్న దారి దొరికినా సముద్రం లోపలికి వచ్చేస్తుంది. అందుకే ఆ కాగితం. ఆ రోజు నా గదిలో ఒక లాకరు వెనక ఒక వాల్వు ఉంది. చెయ్యి పెట్టాలంటే సగం ఒంగి పడుకోవాలి. పొద్దున్న మూసి ఉండటం నేనే చూశాను. టిక్కు పెట్టేశాను.

నా వెనకాల రెండోసారి చూసే పెద్ద నావికుడు, శ్రీకాకుళం వైపు మనిషి, పది నిమిషాలకి నా దగ్గరికి వచ్చి తెలుగులో మెల్లగా అడిగాడు. "సార్, ఆ లాకరు వెనకాల వాల్వు ముట్టుకున్నారా?"

"చూశానండి."

"చూశారా, ముట్టుకున్నారా?"

పావు తిప్పు తెరిచి ఉందట. మధ్యాహ్నం ఎవరో పని చేసి వదిలేశారు. ఆయన మూసేశాడు. నన్ను ఎవరికీ చెప్పక్కర్లేని స్థితిలో నిలబెట్టి తన పనికి తాను వెళ్లిపోయాడు. నేను అక్కడే కాసేపు నిలబడి, కంట్రోల్ రూముకి వెళ్లి ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్‌కి చెప్పాను. ఒక్క వాల్వు ముట్టుకోకుండా టిక్కు పెట్టాను సార్, మిగతావి ముట్టుకున్నాను, కానీ ఇప్పుడు నా కాగితం మొత్తం నమ్మకూడదు అని. డైవ్ ఆపేశారు. గది మొత్తం మళ్లీ చూశాం. నా డాల్ఫిన్ పరీక్ష నెల వెనక్కి పోయింది. ఆ నెలంతా మొహం ఎత్తుకోలేకపోయాను.

పదమూడేళ్ల తర్వాత, కమాండింగ్ ఆఫీసర్ల అర్హత కోర్సుకి నన్ను పంపాలా వద్దా అన్నప్పుడు, ఆ పాత ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్ అప్పటికి పెద్ద హోదాలో ఉన్నారు. "తన తప్పు తనే ముందు చెప్పినవాడు" అని నా గురించి ఒక్క మాటే అన్నారని తర్వాత తెలిసింది. సబ్‌మెరైన్‌లో కమాండింగ్ ఆఫీసర్‌కి కిటికీ ఉండదు. ఆయన చూసేది అంతా మనం చెప్పే మాటల్లోంచే. మన మాటలో కల్తీ ఉంటే ఆయన గుడ్డివాడు.

దీనికి ఇంట్లోనే సాధన చెయ్యొచ్చు. మీ ఇంటి నీళ్ల మోటారు దగ్గర మొదలుపెట్టి ట్యాంకు దాకా, ట్యాంకు నుంచి ఆఖరి కుళాయి దాకా, ప్రతి గొట్టం, ప్రతి వాల్వూ నడిచి ముట్టుకుని చూడండి. తర్వాత గదిలో కూర్చుని కాగితం మీద గీయండి. మళ్లీ వెళ్లి సరిపోల్చండి. మొదటిసారి ఎవరికీ సరిగ్గా రాదు.

ఇంకొకటి. నేవీలో ఆర్డరు వినగానే అదే మాట తిరిగి చెప్పి, అప్పుడు చెయ్యాలి. "పది మీటర్లు" అంటే "పది మీటర్లు" అని పలికి, ఆ తర్వాత చక్రం తిప్పాలి. మనవాళ్లకి ఏం చెప్పినా "ఆయ్" అంటారు కదా. ఆ మర్యాద మంచిదే, కానీ అక్కడ "ఆయ్" ఒక్కటి సరిపోదు. ఏం విన్నారో కూడా చెప్పాలి. ఈ అలవాటు ఇప్పుడే మొదలుపెట్టండి. నాన్న బజారు నుంచి మూడు సరుకులు తెమ్మంటే మూడింటినీ తిరిగి చెప్పి బయల్దేరండి.

నీళ్ల సంగతి

సబ్‌మెరైన్ మునగడం అందరికీ వింతగా ఉంటుంది. నిజానికి మునగడం తేలిక, మునిగి ఒకచోట నిలబడటమే విద్య. బోటు బరువు అది తొలగించే నీళ్ల బరువుకి సరిగ్గా సమానం కావాలి. దీన్నే ట్రిమ్ అంటాం. లోపల చిన్న ట్యాంకుల్లోకి నీళ్లు తీసుకుంటూ, బయటికి తోస్తూ ఈ తూకం నిలబెట్టాలి. వంటవాడు బియ్యం బస్తా ముందు గది నుంచి వెనక గదికి మారిస్తే కూడా లెక్కలోకి వస్తుంది.

ఇక్కడ మనవాళ్లకి తెలిసిన సంగతి ఒకటి ఉంది. అంతర్వేది మొగ దాటి సముద్రం నుంచి ఏట్లోకి వచ్చే బరువు పడవ కొంచెం కిందికి దిగుతుంది. ఉప్పునీళ్ల కన్నా మంచినీళ్లు పలచన, అందుకే. సబ్‌మెరైన్‌కీ అంతే. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ ఇవన్నీ వచ్చి పడటం వల్ల బంగాళాఖాతం పైనీళ్లు అరేబియా సముద్రం కంటే తక్కువ ఉప్పన. నీటి సాంద్రత అర శాతం తగ్గితే 3,000 టన్నుల బోటు ఉన్నట్టుండి 15 టన్నుల బరువు ఎక్కినట్టు కిందికి జారుతుంది. వెంటనే అన్ని నీళ్లూ బయటికి తొయ్యాలి. వరదల కాలంలో మన తీరానికి దూరంగా వెళ్తూ, డెప్త్ మీటరు ముల్లు కదలడం చూసి, ఈ నీళ్లలో మా పాపికొండల వాన ఉందని అనుకున్న రోజులు ఉన్నాయి.

ఇదే నీళ్లు మనల్ని దాచిపెడతాయి కూడా. పైన పలచని పొర, కింద చల్లని ఉప్పు పొర, రెంటి మధ్య ధ్వని వంగిపోతుంది. పైన తిరిగే ఓడలో ధ్వనితో వెతికే సోనార్‌కి ఆ కింద ఉన్న బోటు వినపడకుండా పోవచ్చు. ఫిజిక్స్‌లో సాంద్రత, ఆర్కిమెడిస్ సూత్రం, ధ్వని వక్రీభవనం అని చదివే పాఠాలు మార్కుల కోసం కాకుండా ఒక్కసారి ఇలా చదవండి. ఉద్యోగమంతా అవే.

రెండో స్థానం నుంచి మొదటి స్థానానికి

డాల్ఫిన్లు వచ్చాక హోదాలు కాలంతో వస్తాయి. ఇప్పటి లెక్కలో సర్వీసు రెండేళ్లకి లెఫ్టినెంట్, ఆరేళ్లకి లెఫ్టినెంట్ కమాండర్, పదమూడేళ్లకి కమాండర్. హోదా వచ్చినంత మాత్రాన బోటు రాదు. ముందు ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్‌గా బోటు మొత్తం తిండి, శుభ్రం, క్రమశిక్షణ, మరమ్మతులు మొయ్యాలి. ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన కాలం అదే. డీజిల్ వాసన, ఒకరు లేస్తే ఒకరు పడుకునే పక్కలు, స్నానానికి నీళ్ల లెక్క, పగలు రాత్రి తెలియని దీపాలు. 50 మందికి కోపం వస్తే అది ముందు మీ దగ్గరికే వస్తుంది.

తర్వాత ఆ అర్హత కోర్సు. పెరిస్కోప్ దగ్గర నిలబెట్టి, మూడు నాలుగు యుద్ధనౌకలని మీ మీదికి తోలుతారు. 30 నాట్ల వేగం అంటే నిమిషానికి 900 మీటర్ల పైచిలుకు. అయిదు కిలోమీటర్ల దూరంలో కనబడ్డ ఓడ అయిదున్నర నిమిషాల్లో మీ నెత్తి మీద ఉంటుంది. పెరిస్కోప్ పైకెత్తి చూడటానికి కొన్ని సెకన్లే ఇస్తారు. దించేశాక మిగతా ఓడలన్నీ ఎక్కడున్నాయో, ఎప్పుడు లోతుకి వెళ్లిపోవాలో మనసులోనే నడిపించాలి. వెనక ఒక గురువు నిలబడి ఉంటాడు. మీరు చెప్పాల్సిన మాట ఆయన చెప్పాల్సి వస్తే ఆ రోజు మీది కాదు. దీంట్లో తప్పినవాడికి బోటు ఇవ్వరు.

ధైర్యం కన్నా పొదుపు ఎక్కువ పనికొచ్చే ఉద్యోగం ఇది. డీజిల్ బోటు నీళ్ల కింద బ్యాటరీ మీదే నడుస్తుంది. పూర్తి వేగంతో పరిగెత్తితే గంటల్లో అయిపోతుంది, నడక వేగంతో వెళ్తే రోజులు వస్తుంది. ఛార్జి చేసుకోవాలంటే స్నార్కెల్ గొట్టం నీళ్ల పైకి పెట్టి డీజిల్ ఇంజన్లు నడపాలి. అప్పుడు శబ్దం చేస్తాం, కనబడతాం. ఎప్పుడు ఖర్చు పెట్టాలి, ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు గాలి పీల్చుకోవాలి, ఇవే కమాండింగ్ ఆఫీసర్ నిర్ణయాలు. నెలాఖరు దాకా జీతం సర్దిన అమ్మ చేతుల్లో పెరిగినవాళ్లకి ఇది అర్థమవుతుంది.

ఇంటికి చెప్పవలసినది

1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద తుపాను పడినప్పుడు నేను నీళ్ల కింద ఉన్నాను. బోటుకి రేడియో వార్తలు నిర్ణయించిన వేళల్లో వస్తాయి. కమాండింగ్ ఆఫీసర్‌కి తుపాను సంగతి తెలుసు, నా ఊరూ తెలుసు. చెప్పలేదు. తొమ్మిది రోజుల తర్వాత హార్బరులో కాలు పెట్టాక పక్కకి పిలిచి చెప్పారు. ఊరు చేరేసరికి మా ఇంటి పెంకులు లేవు, తోటలో మూడొంతుల చెట్లు పడిపోయాయి, నాన్న కాలు విరిగి మంచం మీద ఉన్నాడు. ఆయన నన్ను చూసి అడిగింది ఒక్కటే, "నీకు ముందే తెలుసా?" అని. తెలియదన్నాను. "అయితే సరే" అన్నాడు.

చాలాకాలం ఆ కమాండింగ్ ఆఫీసర్ మీద నాకు కోపం ఉంది. తర్వాత నా బోటులో ఒక కుర్రాడి తల్లి పోయిన కబురు వచ్చింది. ఒడ్డుకి నాలుగు రోజుల దూరంలో ఉన్నాం, వెనక్కి తిరిగే వీలు లేదు. వాడు సోనార్ మీద కూర్చునేవాడు. ఆ నాలుగు రోజులూ నేను వాడి మొహం చూస్తూ, అన్నం తిన్నావా అని అడుగుతూ గడిపాను. చెప్పలేదు. ఒడ్డుకి వచ్చాక చెప్పాను. ఇప్పటికీ అది సరైన పనేనని అనుకుంటున్నాను, ఇప్పటికీ అది నన్ను వదల్లేదు.

అందుకని ఈ దారిలోకి వచ్చే ముందు ఇంట్లో కూర్చోబెట్టి చెప్పండి. ఫోను రాని రోజులు ఉంటాయి, ఎక్కడున్నామో చెప్పలేం, మంచికీ చెడ్డకీ రాలేకపోవచ్చు. ప్రమాదం సంగతి కూడా దాచొద్దు. 2013 ఆగస్టు 14న ముంబైలో సింధురక్షక్ సబ్‌మెరైన్ పేలిపోయి 18 మంది పోయారు. అమ్మానాన్నలకి ఇది తర్వాత పేపర్లో తెలియడం కన్నా మీ నోటి మీదుగా తెలియడం మంచిది. పెళ్లి చూపుల్లో కూడా ఇదే చెప్పండి. నేను చెప్పాను. రెండు సంబంధాలు వెనక్కి పోయాయి, మూడో ఆవిడ "మా నాన్న ఓడ మీద వంట మనిషి, నాకు కొత్త కాదు" అంది.

కమాండ్ తర్వాత

బోటు దిగాక మిగతాది కాగితాల మీద, మనుషుల మీద నడుస్తుంది. పరీక్ష రాసి నీలగిరుల్లోని వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీకి వెళ్లడం, ఢిల్లీ నేవల్ హెడ్‌క్వార్టర్స్‌లో పని, కెప్టెన్ హోదాకి సెలెక్షన్ బోర్డు, సికింద్రాబాద్ కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్ లాంటి చదువులు, శిక్షణ కేంద్రాలకో స్థావరాలకో నాయకత్వం. విశాఖలో ఉండే ఫ్లాగ్ ఆఫీసర్ సబ్‌మెరైన్స్ కార్యాలయం ఈ శాఖ మొత్తం శిక్షణ, భద్రతా ప్రమాణాలు చూస్తుంది. అణు సబ్‌మెరైన్ల వైపు వెళ్లేవాళ్లకి వేరే చదువు ఉంటుంది. అరిహంత్ 2009 జులై 26న విశాఖలోనే నీళ్లలోకి దిగింది. మెట్టు మెట్టుకీ మనుషులు తగ్గుతారు. పైకి వెళ్లనివాళ్లంతా తక్కువవాళ్లు కాదు. నాకన్నా మంచి సబ్‌మెరైనర్లు కమాండర్లుగానే రిటైరయ్యారు.

పై దాకా వెళ్లినవాళ్లూ ఉన్నారు. 1971 యుద్ధంలో కరంజ్ సబ్‌మెరైన్‌ని నడిపి వీరచక్ర అందుకున్న వి.ఎస్. షెకావత్ గారు 1993 నుంచి 1996 దాకా నేవీ ప్రధానాధికారిగా చేశారు. మన మొట్టమొదటి సబ్‌మెరైన్ కల్వరి 1967 డిసెంబరు 8న సోవియట్ యూనియన్‌లోని రీగాలో నేవీలోకి వచ్చింది. దానికి కమాండర్ కె.ఎస్. సుబ్రమణియన్ గారు. ఆ తరం రష్యన్ నేర్చుకుని, మంచులో చదువుకుని వచ్చింది. మీకు విశాఖ ఒక్క రాత్రి ప్రయాణం కూడా కాదు.

ముందు ఆర్కే బీచ్‌కి వెళ్లి కుర్సురా చూడండి. 1969 నుంచి 2001 దాకా పనిచేసిన బోటు, 91 మీటర్ల పొడవు, ఏడు గదులు. సెల్ఫీ దిగి వచ్చేయొద్దు. ఒక్క గది ఎంచుకుని, ఒక గొట్టం ఎక్కడ మొదలైందో ఎక్కడికి పోతుందో కంటితో వెంబడించండి. అక్కడ గైడ్లు నేవీలో పనిచేసి వచ్చినవాళ్లే, అడిగితే ఎంతో ఇష్టంగా చెప్తారు. గది మధ్య గుండ్రటి తలుపులోంచి దూరేటప్పుడు ఊపిరి బిగబట్టినట్టు అనిపిస్తే, ఆ మాట మీతో మీరు నిజంగా చెప్పుకోండి. నేవీలో పై ఓడలూ ఉన్నాయి, విమానాలూ ఉన్నాయి.

నీళ్ల మోటారు పని చేసుకుని మా అరుగు మీదికి రండి. పోయిన నెల మలికిపురం నుంచి ఇంటర్ చదివే అమ్మాయి ఒకత్తి వాళ్ల ఇంటి లైను గీసి తెచ్చింది. గీతలు చక్కగా ఉన్నాయి, బోరు దగ్గర ఫుట్ వాల్వు లేదు. చూశావా, ముట్టుకున్నావా అని అడిగాను. "చూడలేదండి, ఉంటుందని అనుకోలేదు" అంది. మళ్లీ పంపించాను. రెండు వారాలకి వచ్చింది. ఫుట్ వాల్వుతో పాటు, పెరట్లో సిమెంటు కింద పూడ్చేసిన పాత టీ జాయింటు ఒకటి తవ్వి చూసి గీసి తెచ్చింది. అది అక్కడుందని వాళ్ల నాన్నకే తెలియదట. రెండేళ్లుగా నీళ్లు కారిపోతున్నది అక్కడేనట.